బూర అంచు మీద పెదవి

బూర మౌత్‌పీసు అంచును ఎమిరీ కాగితంతో రుద్ది నునుపు చేశాక పెద్దాయన దాన్ని వేలితో తడిమి చూడడు. ఆకురాయికి, నిప్పుకు, నవాసారం పొగకు అలవాటుపడి ఆయన వేళ్లు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. వాటికి గరుకూ తెలియదు, నునుపూ తెలియదు. షెడ్డు గుంజకు వేలాడే గుడ్డసంచిలోంచి ఒక పట్టుపోగు లాగుతాడు. ధర్మవరం మగ్గాల దగ్గర తెగిపడ్డ పోగు అది. దాన్ని అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పుతాడు. ఎక్కడన్నా చిక్కుకుందంటే అక్కడ గీత ఉన్నట్టే. మళ్లీ రుద్దుడు మొదలు. పోగు ఎక్కడా ఆగకుండా తిరిగితేనే ఆ పీసు పక్కన పెడతాడు.

"కంటికి ఆనని గీత పెదివికి తెలుస్తాదప్పా. ఈడ తగులుకుంటే పోగు తెగుతాది, ఆడ తగులుకుంటే నెత్తురొస్తాది" అన్నాడు.

పెళ్లిళ్ల కాలంలో బ్యాండుసెట్ల బతుకు ఎలా ఉందో చూసి రమ్మని సంపాదకులు నన్ను బుక్కరాయసముద్రం పంపారు. అనంతపురం నుంచి తాడిపత్రి దారిలో, ఊరు దాటీ దాటగానే వచ్చే మండల కేంద్రం ఇది. చుట్టుపక్కల అందరూ బీకేఎస్ అంటారు. విజయనగర రాజు బుక్కరాయల పేరు మోస్తున్న చెరువు, తెగబోతున్న కట్టను ఆపడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఈ ఊరివే. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాసింది ఆమె గురించే. బ్యాండువాళ్ల సాధన, వాళ్ల పాటల జాబితా, బేరాలు, డీజేల పోటీ, ఇవన్నీ రాసుకుందామని బయలుదేరాను. ఆ జాబితాలో సగం కూడా చూడలేదు. ఈ షెడ్డు దగ్గర ఆగినవాణ్ని ఆగినట్టే ఉండిపోయాను.

పెద్దాయనది పాత్రల పని. బిందెలకు మాట్లు వేయడం, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయడం తాతల నాటి వృత్తి. ఇంటింటా స్టీలు చేరాక కళాయి అడిగేవాళ్లు లేకుండా పోయారు. అప్పటి నుంచి బ్యాండువాళ్లే ఆయనకు దిక్కు, వాళ్లకు ఆయన దిక్కు. లారీ పైనుంచి పడి సొట్టపోయిన ట్రంపెట్టు, వాల్వు పట్టేసిన యుఫోనియం, అతుకు ఊడిన గొట్టం, అన్నీ ఇక్కడికే వస్తాయి. నేను వెళ్లిననాడు ఆయన ముందు పాత గోనెసంచి మీద ఏడెనిమిది మౌత్‌పీసులు వరసగా ఉన్నాయి. అన్నీ ఒక్క బ్యాండువే. పెళ్లిళ్లు మొదలయ్యేలోపు బాగుచేసి ఇమ్మని తెచ్చి పడేశారు.

వాటిని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాను. దూరం నుంచి తెల్లగా మెరుస్తాయి. దగ్గరగా చూస్తే పెదవి ఆనేచోట ఆ తెలుపు పోయి పచ్చటి ఇత్తడి బయటపడింది. ఒకదాని అంచున పూత పొక్కులు లేచి పెచ్చులూడుతోంది. పెచ్చు లేచిన చోట అంచు కత్తివాదరలా తేలింది. పీసు లోపలి గిన్నె అడుగున నల్లటి జిడ్డు, ఆ జిడ్డు చుట్టూ ఆకుపచ్చగా కిలుము. ఇత్తడి చెంబులో చింతపండు పులుసు మరిచిపోతే పడుతుందే, అదే కిలుము. దీన్నే మనిషి నోటికి ఆనించి, గంటల తరబడి ఊపిరంతా పెట్టి ఊదుతాడు.

బూర గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. నాదస్వరంలో పలికేది పీక. క్లారినెట్‌లో పలికేది వెదురుజాతి రెల్లు బద్ద. ట్రంపెట్‌లో అలాంటిదేదీ లేదు. పలికేది మనిషి పెదవులే. రెండు పెదవులూ బిగించి గాలి వదిలితే అవి అదురుతాయి. ఆ అదురును మౌత్‌పీసు గిన్నె పట్టుకుని, మూడున్నర మిల్లీమీటర్లకు కాస్త మించిన సన్నటి రంధ్రం గుండా గొట్టంలోకి పంపుతుంది. ట్రంపెట్ గిన్నె నోరు లోపలి కొలత పదహారు, పదిహేడు మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ కంటే కొంచెం పెద్దది. ఆ చిన్న వలయం మీదే ఊదేవాడి బలమంతా మోపుతాడు. స్వరం పైకి పోయేకొద్దీ పెదవుల బిగువు పెరగాలి. అలసిన మనిషి బిగువు చాలక పీసును పెదవికేసి నొక్కుతాడు. ఊరేగింపు మూడో గంటలోకి వచ్చేసరికి అందరూ నొక్కేవాళ్లే. అందుకే ఆ అంచు గుండ్రదనం ఎంత, పూత ఏమిటి, ఎంత నునుపు అన్నవి వాద్యకారుడికి సోకుల కిందికి రావు. అరిగిన చెప్పుతో ముళ్లదారిన నడిచేవాడి కాలిని అడిగితే తెలిసినట్టు, ఆ పెదవిని అడిగితే తెలుస్తుంది.

మౌత్‌పీసు ఒళ్లంతా దాదాపు ఎప్పుడూ ఇత్తడే. రాగి, జింకు కలిపిన ఇత్తడి మరమీద చక్కగా తెగడానికి రెండు మూడు శాతం సీసం కూడా కలపడం మామూలు. కాబట్టి పూత పోయిన పీసు నోట్లో పెట్టుకోవడమంటే రాగి కిలుముతో పాటు సీసం కూడా పెదవికి తగలడమే. పూత పని అందానికన్నా ముందు ఇది: లోహానికీ నోటికీ మధ్య అడ్డు నిలవడం. మన పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. ఇత్తడి గిన్నెలో కళాయి లేకుండా పులుసు కాచే ఇల్లాలు మన ఊళ్లలో ఉండేది కాదు. పూత పోతే గిన్నెను పక్కన పెట్టేవారు. బూర విషయంలో మాత్రం ఆ జాగ్రత్త ఎవరికీ తోచలేదు.

మన బ్యాండ్ల వాద్యాలు ఎక్కువగా మీరట్‌వి. అక్కడి జలీ కోఠీ వీధి దేశమంతటికీ బ్యాండు సామాను పంపుతుంది. 1885లో పుట్టిన నాదిర్ అలీ కంపెనీ పేరు పాత మాస్టర్లు ఇప్పటికీ గౌరవంగా తలచుకుంటారు. పటాలాల కోసం వచ్చిన ఈ వాద్యం పెళ్లి ఊరేగింపులోకి, జాతరలోకి, పీర్ల పండుగలోకి నడిచి వచ్చి మనదైపోయింది. పీర్ల పండుగకు నార్పల మండలం గూగూడులోని కుళ్ళాయిస్వామి దగ్గరికి తప్పెటతో పాటు బూర కూడా పోతుంది. కాకపోతే వాద్యంతో పాటు వచ్చే మౌత్‌పీసు అన్నిటికన్నా చవక సరుకు. దానికి నికెల్ పూత. నికెల్ గట్టిది, నల్లబడదు, మెరుపు చాలాకాలం ఉంటుంది, వెండి కన్నా ఎంతో చవక. అమ్మేవాడికి ఇన్ని సుగుణాలు చాలు. ఊదేవాడికి చాలవు.

మేం మాట్లాడుకుంటుండగా ఒక కుర్రాడు వచ్చాడు. పెద్దాయన చెల్లెలి మనవడి స్నేహితుడట, ఇరవై దాటి ఉండవు. నోటిచుట్టూ గుండ్రంగా ఎర్రటి దద్దురు. పీసు అంచు ఎంత ఉందో దద్దురు సరిగ్గా అంతే. దురద పెడుతుంది, గోకితే నీరు కారుతుంది అన్నాడు. ఊదడం మానేసిన వారానికి తగ్గుతుంది, మళ్లీ బేరం తగలగానే మళ్లీ లేస్తుంది. "పండ్లపేస్టు పడలేదేమో అన్నారు తాతా. మార్చినా. ఏం తగ్గల్యా."

ఇది పేస్టు పని కాదు. చెమట, ఎంగిలి, వాటిలోని ఉప్పు తగిలినప్పుడు నికెల్ కొద్దికొద్దిగా కరుగుతుంది. అది కొందరి చర్మానికి పడదు. ఒకసారి పడలేదంటే జన్మంతా పడదు. చెవికమ్మలు పెట్టుకుని చెవులు పుండ్లు పడిన ఆడపిల్లలు మన ఇళ్లలో లేరా, ఇదీ అదే. ఐరోపా దేశాలు చర్మానికి ఎడతెగకుండా తగిలే వస్తువుల్లోంచి నికెల్ ఎంతకు మించి ఊరకూడదో 1994లోనే హద్దు పెట్టుకున్నాయి: వారానికి ఒక చదరపు సెంటీమీటరుకు అర మైక్రోగ్రాము. గడియారం పట్టీకి, చెవికమ్మకు వాళ్లు పడ్డ ఆరాటం అది. మన కుర్రాడు అదే లోహాన్ని తడి పెదవుల మధ్య పెట్టుకుని పగలంతా నొక్కుతున్నాడు. అతని జబ్బుకు పేరుందని ఇన్నాళ్లూ చెప్పినవాళ్లు లేరు.

పెద్దాయన ఆ కుర్రాడి పీసు చేతికి తీసుకున్నాడు. తర్వాత ఆయన చేసిన పనిని కన్నార్పకుండా చూశాను. ముందు పెచ్చులూడుతున్న నికెల్‌ను అంచు వరకు పూర్తిగా రుద్ది తీశాడు. బంకమన్ను తడిపి వేపపుల్లకు చుట్టి, గిన్నె అడుగున ఉన్న సన్న రంధ్రంలో బిగించాడు. తగరం అందులోకి జారితే పీసు పనికిరాదు, ఊపిరి దారి మూసుకుపోతుంది. కొలిమి తిత్తి ఊది పీసును పట్టకారుతో నిప్పు మీద తిప్పాడు. ఇత్తడి రంగు కాస్త ముదరగానే నవాసారం పొడి చల్లాడు. తెల్లటి పొగ గుప్పున లేచి ముక్కు మండింది. ఆ పొగలోనే తగరం కడ్డీని అంచుకు ఆనించాడు. కడ్డీ కొస కరిగి బొట్టయింది. దూదిపింజతో ఒక్క తుడుపు తుడిచేసరికి పచ్చటి అంచు మీద వెన్నెల పరిచినట్టు తెలుపు పాకింది. చేయి ఒక్క క్షణం ఆగినా తగరం ముద్దకడుతుంది. ఆయన చేయి ఆగలేదు.

"ఇది ఎన్నాళ్లుంటుంది?" అని అడిగాను.

"తగరం మెత్తనిది గదప్పా. పెండ్లిండ్ల సీజను ఒకటి గడుస్తాది. మళ్లా తెస్తే మళ్లా పూస్తా. కానీ ఉట్టి తగరమే పూయాల. సీసం కలిపినది చవకని కొందరు పూస్తారు. అది పూయడం కంటే ఊరకుండేది మేలు."

కుర్రాడు చల్లారిన పీసును పెదవికి పెట్టి చూశాడు. మెత్తగా ఉందన్నాడు. కొంచెం అంటుకున్నట్టుంది అని కూడా అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. పూతల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. నికెల్ మీద తడి పెదవి జారిపోతుంది. వెండి మీద పెదవికి కాస్త పట్టు దొరుకుతుంది. అందుకే ప్రపంచంలో ఎక్కువమంది వెండిపూతనే ఎంచుకుంటారు. బంగారు పూత మీద పెదవి పట్టుగుడ్డ మీదలా జారుతుందనీ, వెచ్చగా ఉంటుందనీ వాడినవాళ్లు చెబుతారు. స్వరం స్వరానికీ పెదవి సర్దుకోవాల్సినవాళ్లకు అది ఇష్టం. పీసు ఒకచోట కుదురుగా నిలవాలనుకునేవాళ్లకు వెండి ఇష్టం. వెచ్చదనం సంగతి లోహాన్ని బట్టి చూస్తే నిలవదు. పూత మందం కొన్ని మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో చాలా తక్కువ వంతు. అడుగున ఇత్తడి ఎంత వేడిని లాగుతుందో పై పూత ఏదైనా అంతే లాగుతుంది. ఆ వెచ్చదనం బంగారం నునుపులో ఉన్నదే తప్ప వేడిలో ఉన్నది కాదు. అయినా ఊదేవాడి పెదవి అలా చెబుతోందంటే దానికి విలువ ఉంది. వాయించేది ఆ పెదవే కదా. వెండికి ఒక చాదస్తం ఉంది, ఉల్లిపాయ తిన్న నోటికి నల్లబడుతుంది. మెత్తటి గుడ్డతో రోజూ తుడిస్తే పోతుంది. నికెల్ పడని చర్మానికి మాత్రం వెండి, బంగారం పెద్ద ఊరట.

చలిదేశాల వాద్యకారులు రాసుకునేదంతా చల్లటి లోహం గురించే. మంచులో పీసు పెదవికి అతుక్కుంటుందని, జేబులో పెట్టుకుని వెచ్చబరుస్తామని రాస్తారు. అనంతపురం జిల్లాలో కథ తిరగబడుతుంది. ఇక్కడ పెళ్లిళ్లు ముమ్మరంగా ఉండేది చైత్రం, వైశాఖం. ఎండ నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. మెరవణి, అంటే ఊరేగింపు, మిట్టమధ్యాహ్నం దాకా సాగుతుంది. ఒక పాటకూ మరో పాటకూ నడుమ ట్రంపెట్టు ఎండలో ఉంటే, మళ్లీ నోటికి ఎత్తేసరికి పీసు కాలుతుంది. ఇత్తడి వేడిని అందించే వేగం ప్లాస్టిక్ కంటే కొన్ని వందల రెట్లు. రెండూ ఒకే ఎండలో ఉన్నా కాలేది ఇత్తడి తగిలిన పెదవే. "తడిగుడ్డ చుట్టుకుంటాం సార్, ల్యాకుంటే పీసు ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంటాం" అన్నాడు కుర్రాడు. గుప్పిట్లో పెట్టుకుంటే చెమట. చెమట తగిలితే నికెల్ ఇంకా కరుగుతుంది. ఎటుపోయినా ఆ పెదవికే దెబ్బ.

ఇంత ఎండలో వాయించేవాళ్లకు ప్లాస్టిక్ మౌత్‌పీసు నిజంగా పనికొస్తుంది. అమెరికాలో కవాతు బ్యాండ్లవాళ్లు చలికి తట్టుకోలేక పాలికార్బొనేట్ పీసులు వాడుతున్నారు. చలికి పనికొచ్చినది ఎండకూ పనికొస్తుంది. నికెల్ లేదు, సీసం లేదు, కిలుము లేదు, సబ్బునీళ్లతో కడగొచ్చు. నాదం కొంచెం మొద్దుగా వస్తుందని మాస్టర్లు దాన్ని ఒప్పుకోరు. తేడా ఉంది, నేను కాదనను. రోడ్డు మీద డ్రమ్ముల మోతలో ఆ తేడా ఎవరి చెవికి ఆనుతుంది? పుండుపడ్డ పెదవి పలికించే అపస్వరం మాత్రం అందరి చెవికీ ఆనుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పీసులు కూడా వస్తున్నాయి. వాటికి పూతే అక్కర్లేదు, పోయే పూతా లేదు. ధర మాత్రం పల్లె బ్యాండుకు అందనిది.

ధర మాట వచ్చింది కాబట్టి నన్ను మండించిన సంగతి చెప్పాలి. సాయంత్రం బ్యాండు యజమాని తన పీసుల కోసం వచ్చాడు. కొత్త పీసులు కొనొచ్చు కదా అన్నాను. "ఈ ఏడు డ్రెస్సులకు పెట్టినాం సార్. భుజాల మీద జరీ, తలపాగాకు తురాయి. లైట్ల బండి ఒకటి చేయించినాం. పెండ్లోళ్లు చూసేది అదే గదా" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. పెళ్లివాళ్లు బేరం చేసేటప్పుడు ఎన్ని లైట్లు, ఎంతమంది మనుషులు అని అడుగుతారే గాని ఏ బూర, ఏ పీసు అని అడిగినవాళ్లు లేరు. జరీ కంటికి కనబడుతుంది. మౌత్‌పీసు నోటి వెనక దాగి ఉంటుంది. ఒక జరీ కోటు ఖర్చులో మంచి వెండిపూత పీసు వస్తుంది, జాగ్రత్తగా వాడితే ఏళ్లకేళ్లు ఉంటుంది. ఆ లెక్క వేసినవాడు లేడు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. ఆ ఏడెనిమిది పీసుల్లో ఏది ఎవరిదని అడిగాను. యజమాని నవ్వి, ఏదైనా ఎవరిదైనా అన్నాడు. బ్యాండుకు స్థిరమైన మనుషులు ఉండరు. ఈ పెళ్లికి వచ్చినవాడు ఆ పెళ్లికి రాడు, కూలికి పోతాడు, వేరుశనగ పీకడానికి పోతాడు, బెంగళూరు పోతాడు. వచ్చినవాడి చేతికి ఉన్న బూర ఇస్తారు. నిన్న ఒకడు ఊదిన పీసు ఇవాళ ఇంకొకడు ఊదుతాడు. మధ్యలో ఒక చొక్కా అంచు తుడుపు, అంతే. కోవిడ్ మనందరికీ ఇన్ని పాఠాలు చెప్పి పోయాక కూడా ఇది మారలేదు.

నాదస్వర విద్వాంసుణ్ని తలచుకోండి. షేక్ చిన మౌలానా అంతటివారు కావచ్చు, ఊరి గుడిలో వాయించే పెద్దమనిషి కావచ్చు, తన పీకను ఇంకొకరి నోటికి ఇస్తారా? పీకలు తనవి తాను ఏరుకుంటాడు, తడుపుతాడు, సవరిస్తాడు, వాద్యానికి దారంతో కట్టుకుంటాడు. ఆ నోటికి మర్యాద ఉంది. బూర ఊదే నోటికి ఆ మర్యాద మనం ఇవ్వలేదు. వాద్యం యజమానిది, కోటు యజమానిది, పాట సినిమావాళ్లది. ఊదేవాడి వంతు పెదవి ఒక్కటే. ఆ పెదవి ఎక్కువగా ఏ వాడ నుంచి వస్తుందో కూడా అందరికీ తెలుసు. పెళ్లిపందిరి గేటు దగ్గర ఊరేగింపు ఆపి, భోజనాలప్పుడు పక్కకు నిలబెట్టేది ఎవరినో కూడా తెలుసు. కిలుము పట్టిన మౌత్‌పీసు వెనక ఈ చిన్నచూపు ఉంది. డబ్బు లేకపోవడం అందులో ఒక భాగమే.

పెదవి పోతే ఏమవుతుందో చెప్పడానికి ట్రంపెట్ చరిత్రలో పెద్ద ఉదాహరణ ఉంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి మహానుభావుడు పెదవి చిట్లి 1930ల నడుమ నెలల తరబడి వాద్యం ముట్టలేకపోయాడు. పెదవి చుట్టూ ఉండే కండరం చిరిగే ఆ జబ్బుకు వైద్యులు ఆయన ముద్దుపేరు సాచ్మో మీదే పేరు పెట్టారు. ఆయన పెదవికి రాసుకునే మలాము కూడా చరిత్రకెక్కింది. మన బ్యాండు మాస్టరు పెదవి చిట్లితే కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్లీ ఎండలో నిలబడతాడు. ఊదలేని రోజు వస్తే జాలరా పట్టుకుంటాడు, లేదా లైట్ల బండి తోస్తాడు. ఆ మార్పును ఎవరూ రాయరు.

పెద్దాయన దగ్గర ఈ పని నేర్చుకునేవాళ్లు లేరు. కొడుకు అనంతపురంలో మోటారు వైండింగు చేస్తాడు. బీకేఎస్ మండలంలోనే జంతులూరు దగ్గర కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, రేకులకుంటలో మెట్టసేద్యం మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. చదువుకూ పరిశోధనకూ చోటు దొరికిన మండలం ఇది. లోహం, చర్మం, వేడి గురించి చదివే పిల్లలు ఒక్క పూట వచ్చి ఈ షెడ్డు కింద కూర్చుంటే, ఏ పూత ఎన్నాళ్లు నిలుస్తుందో, ఎవరి చర్మానికి ఏది పడదో తేలిగ్గా తేలుతుంది. పెద్దాయన చేతికి తెలిసినది కాగితం మీదికి ఎక్కుతుంది.

ఈ లోగా మన చేతిలో ఉన్న పని మనం చేయొచ్చు. రేపు మీ ఇంట్లో పెళ్లికి బ్యాండుకు బయానా ఇచ్చేటప్పుడు లైట్లు రెండు తగ్గించమనండి. ఆ డబ్బుతో ఊదేవాళ్లకు తలా ఒక వెండిపూత మౌత్‌పీసు, లేదా ప్లాస్టిక్‌ది, వాళ్ల సొంతానికి కొనివ్వమని యజమానికి గట్టిగా చెప్పండి. మెరవణి పొద్దెక్కకముందే ముగించండి. నడుమ నడుమ నీడన ఆపి మంచినీళ్లివ్వండి. బ్యాండు నడిపేవారికి కూడా ఒక మనవి: పూత పోయిన పీసును ఎవరి నోటికీ ఇవ్వకండి. కళాయి పూసే చేయి బుక్కరాయసముద్రంలో ఇంకా ఉంది. నోటిచుట్టూ దద్దురు లేచిన కుర్రాణ్ని చర్మవైద్యుడి దగ్గరికి పంపండి, మౌత్‌పీసు కూడా వెంట తీసుకుపోయి చూపించమనండి.